ఒక చిరునామా, రెండు చేలు: పొలాల్లోని అల్పశక్తి వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో పలు రూటర్ల మధ్య చిరునామాల యాజమాన్యం

నేల తేమను పావుగంటకొకసారి కొలిచి పంపే ఒక సెన్సార్ రేఖాపటం మన ముందు ఉన్నదనుకుందాం. పత్తి చేను. వాన వెలిసి ఆరు రోజులయింది. ఉదయం ఆరు గంటలకు తేమ 36 శాతం, ఆరుంపావుకు 15 శాతం, ఆరున్నరకు మళ్లీ 36 శాతం. ఏ నేల అయినా ఇంత వేగంగా ఆరదు, ఆరినా నీరు పెట్టకుండా మళ్లీ తడవదు. శాస్త్రవేత్తకు మొదటి అనుమానం సెన్సార్ మీద కలుగుతుంది. రెండవ అనుమానం, నల్లరేగడి బీటలు వారినప్పుడు సెన్సార్ ముల్లుకూ మట్టికీ మధ్య ఏర్పడే ఖాళీ మీద. మూడవ అనుమానం సాధారణంగా ఎవరికీ రాదు. ఆ 36 ఒక చేనుది, ఆ 15 మరొక చేనుది. రెండూ ఒకే చిరునామా మీద వచ్చి ఒకే పట్టికలో చేరుతున్నాయి.

రేఖాపటాన్ని ఇలా విడివిడిగా చూసినవారికి కనీసం ఏదో తేడా ఉన్నదని తెలుస్తుంది. సలహాలు తయారుచేసే కంప్యూటరు మాత్రం చాలా చోట్ల రోజువారీ సగటును తీసుకుంటుంది. ఈ రెండు అంకెల సగటు 25.5. చూడటానికి ఎంతో సబబుగా ఉన్న అంకె. నల్లరేగడి చేనుకు అది తప్పు, పక్కనున్న చల్క చేనుకు మరింత తప్పు. చల్క నేలలో 15 శాతానికి దిగిన పైరు వాడుముఖం పట్టి ఉండగా, దాని రైతుకు ఇప్పట్లో తడి అవసరం లేదన్న సందేశం వెళుతుంది. సెన్సార్లు రెండూ సరిగానే పనిచేశాయి, రేడియో సరిగానే పనిచేసింది. తప్పు జరిగినది చిరునామాల పట్టికలో.

భూపాలపల్లి జిల్లాను దృష్టిలో పెట్టుకొని ఈ ఉదాహరణను ఎంచుకున్నాము. పూర్వపు వరంగల్, కరీంనగర్ జిల్లాల ప్రాంతాలతో 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లాలో పత్తి, వరి, మిరప ప్రధానమైన పంటలు. చల్కలూ రేగడులూ ఒకే ఊరి శివారులో పక్కపక్కనే కనిపిస్తాయి. ఘనపురం చెరువు కింద వరి పొలాలు ఒక తీరు, అడవి అంచున కాటారం, మహదేవ్‌పూర్ వైపు చేలు మరొక తీరు. 2021లో మిరపను దెబ్బతీసిన కొత్త రకం తామర పురుగు తరువాత, చేనులోని వేడి, గాలిలోని తేమ, ఆకు తడిగా ఉన్న సమయం వంటి వివరాలను ఎప్పటికప్పుడు తెలుసుకోవాలన్న కోరిక పరిశోధకుల్లో పెరిగింది. ఒక ఊరికి ఒక వాతావరణ కేంద్రం చాలదని, చేను చేనుకూ కొలత కావాలని అందరూ అంటున్నారు. కొలిచే పరికరాలు వందల్లోకి చేరినప్పుడు వాటిని ఎవరు ఎలా గుర్తుపట్టాలన్న ప్రశ్న మాత్రం ఇంకా వెనుక వరుసలోనే ఉన్నది.

ఒక్క ద్వారం సరిపోయిన రోజులు

పొలాల్లో వైర్‌లెస్ సెన్సార్ల ప్రయోగాలు మన ప్రాంతానికి కొత్తవి కావు. అనంతపురం సరిహద్దును ఆనుకొని, తెలుగు మాట్లాడేవారు అధికంగా ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో, చెన్నకేశవపుర గ్రామంలో భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండుకు చెందిన లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి 2000వ దశకం మధ్యలో 'కామన్‌సెన్స్ నెట్' అనే పథకాన్ని నడిపాయి. వర్షాధారపు సన్నకారు రైతుకు నేల తేమ సమాచారం ఏ మేరకు ఉపయోగపడుతుందో చూడటం దాని ఉద్దేశం. 2010 ప్రాంతంలో హైదరాబాదులోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ క్షేత్రంలో ఐఐటీ బొంబాయి శాస్త్రవేత్తలు జపాను సహకారంతో వేరుశనగ పైరు మీద సెన్సార్లు నెలకొల్పి, ఆకుమచ్చ తెగులుకూ తామర పురుగులకూ వాతావరణంతో గల సంబంధాన్ని పరిశీలించారు.

ఈ తరహా ప్రయోగ క్షేత్రాల్లో నోడ్‌లు తక్కువ, అవి పంపే సమాచారం బయటికి వెళ్లే ద్వారం సాధారణంగా ఒక్కటే. ద్వారం ఒక్కటే అయినప్పుడు నోడ్‌లకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటే పని జరిగిపోతుంది. ఏ అంకె ఏ మడిదో పరిశోధకుని నోటుపుస్తకంలో ఉంటుంది. మన విశ్వవిద్యాలయాల్లో నేటికీ చాలా పరిశోధన పథకాలు ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. ఇరవై నోడ్‌ల వరకు అందులో దోషమేమీ లేదు.

ప్రయోగ క్షేత్రం దాటి రైతుల చేలలోకి వెళ్లినప్పుడు కొలమానం మారుతుంది. తెలంగాణలో సుమారు 5000 ఎకరాలకు ఒక క్లస్టరు, ప్రతి క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, ఒక రైతు వేదిక ఉన్నాయి. రాష్ట్రమంతటా 2601 రైతు వేదికలు నిర్మించారు. కరెంటు, పక్కా కప్పు, తాళం వేసే గది ఉన్న ఈ భవనం ఇంటర్నెట్‌కు తోవ చూపే రూటర్‌ను ఉంచడానికి అనువైన స్థలం. అయితే 5000 ఎకరాలంటే ఇరవై చదరపు కిలోమీటర్లకు పైమాటే. చతురస్రంగా ఊహిస్తే ఒక్కో భుజం నాలుగున్నర కిలోమీటర్లు. నిలువెత్తు పత్తి, చెట్లు, గుట్టలు, చెరువు కట్టలు అడ్డుగా ఉన్న నేలలో అంత దూరాన్ని అల్పశక్తి రేడియోతో ఒక్క ద్వారం నుంచి అందుకోలేము. మధ్యలో చేతులు మార్చే రూటర్లు కావాలి, బయటికి తోవ చూపే సరిహద్దు రూటర్లు కూడా రెండో మూడో కావాలి. ఒక దానికి కరెంటు పోయినప్పుడు మరొకటి ఆదుకోవాలన్నా అంతే. చిక్కు అక్కడ మొదలవుతుంది.

నిద్రపోయే నోడ్‌కు పాత పద్ధతి ఎందుకు కుదరలేదు

ఇంటర్నెట్ చిరునామాల కొత్త తరం ఐపీవీ6లో చిరునామా పొడవు 128 బిట్లు. దానిని రెండు అర్ధాలుగా భావించవచ్చు. పూర్వార్ధమైన 64 బిట్లు ఏ నెట్‌వర్కో చెబుతాయి. ఉత్తరార్ధమైన 64 బిట్లు ఆ నెట్‌వర్కులో ఏ పరికరమో చెబుతాయి. పూర్వార్ధాన్ని రూటర్ ప్రకటిస్తుంది, ఉత్తరార్ధాన్ని పరికరం తానే తయారుచేసుకుంటుంది. ఆ తరువాత ఇరుగుపొరుగును ఉద్దేశించి, ఈ చిరునామా ఇంకెవరైనా వాడుతున్నారా అని ఒక్క కేక వేస్తుంది. జవాబు రాకపోతే చిరునామా తనదే. 2007లో స్థిరపడిన ఈ ఏర్పాటు ఆఫీసు కంప్యూటర్లకు చక్కగా సరిపోయింది.

ఈ ఏర్పాటులో దాగిన షరతు ఒకటున్నది. కేక వేసినప్పుడు అందరూ మేలుకొని ఉండాలి. పొలంలోని నోడ్ మేలుకొని ఉండదు, ఉండకూడదు. సెన్సార్ నోడ్‌ల పరిశోధనల్లో విరివిగా వాడిన సీసీ2420 రేడియో చిప్పు ఊరికే చెవి పెట్టి వినడానికే 18.8 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 2500 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీతో ఎడతెగకుండా వింటే 133 గంటలు, అంటే అయిదున్నర రోజులు వస్తుంది. పత్తి పంటకాలం అయిదారు నెలలు. అదే రేడియో పావుగంటలో రెండు సెకన్ల లోపు మాత్రమే మేలుకుంటే సగటు వాడకం 0.04 మిల్లీ ఆంపియరుకు దిగుతుంది, లెక్క ప్రకారం ఏడేళ్లు వస్తుంది. ఎండ వేడిమికి, బ్యాటరీ తనంతట తాను తరిగిపోవడానికి సగం తీసివేసినా మనకు చాలినంత మిగులుతుంది. ఈ బతుకుదెరువంతా నిద్ర మీదే ఆధారపడి ఉన్నది. నిద్రలో ఉన్న నోడ్ పొరుగువాని కేకను వినదు. వినలేదు కాబట్టి అభ్యంతరం చెప్పదు. అభ్యంతరం రాలేదు కాబట్టి రెండవ నోడ్ కూడా అదే చిరునామాను ధరిస్తుంది.

దీనికి తోడు స్థలాభావం. ఈ రేడియోల ప్రమాణమైన ఐఈఈఈ 802.15.4లో ఒక ఫ్రేము 127 బైట్లకు మించదు. అందులో రేడియో స్థాయి శీర్షికకు 25, భద్రతకు 21, ఐపీవీ6 శీర్షికకు 40, దాని పైనున్న యూడీపీ శీర్షికకు 8 పోతే మన అసలు సమాచారానికి మిగిలేది 33 బైట్లు. అందుకే 6లోపాన్ అనే ప్రమాణంలో శీర్షికలను కుదించే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6282 ప్రకారం 40 బైట్ల ఐపీవీ6 శీర్షిక పొరుగు నోడ్‌ల మధ్య 2 బైట్లకు, పలు అంచెలు దాటేటప్పుడు 7 బైట్లకు కూడా తగ్గగలదు. చిరునామా పూర్వార్ధాన్ని పూర్తిగా పంపకుండా 'సంకేతం 3' వంటి పొట్టి గుర్తుతో సూచించడం వల్ల ఇది సాధ్యమయింది. అటువంటి సంకేతాలు పదహారు వరకు ఉండవచ్చు. వీటి వల్ల కలిగే ఒక ఇబ్బందిని కొంచెం తరువాత చూద్దాం.

కేక బదులు నమోదు

2012 నవంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6775 ఈ సమస్యను మరొక దిక్కు నుంచి చూసింది. నిద్రపోయేవారిని లేపడం మానేసి, ఎప్పుడూ మేలుకొని ఉండే ఒకరి దగ్గర పద్దు రాయించడం దాని సారాంశం. నోడ్ తాను మేలుకున్న క్షణంలో తన పక్కనున్న రూటర్‌కు ఒక అర్జీ పెడుతుంది. అందులో మూడు విషయాలుంటాయి: తాను కోరుతున్న చిరునామా, తన 64 బిట్ల హార్డ్‌వేర్ గుర్తింపు సంఖ్య, ఆ చిరునామా ఎంతకాలం కావాలన్న గడువు. రూటర్ ఆ అర్జీని సరిహద్దు రూటర్‌కు పంపుతుంది. సరిహద్దు రూటర్ తన రిజిస్టరు చూస్తుంది. ఆ చిరునామా మరొక గుర్తింపు సంఖ్య పేరుతో ఇప్పటికే ఉంటే 'నకలు' అని తిరస్కరిస్తుంది. లేకపోతే రాసుకొని సరేనంటుంది. పక్క రూటర్ జ్ఞాపకంలో చోటు లేకపోతే మూడవ రకం జవాబు వస్తుంది, చోటు లేదు, మరొకరిని చూసుకోమని.

పల్లెలో పహాణీ తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. భూమికి సర్వే నంబరు, దున్నేవానికి పేరు, ఏటేటా తిరిగి రాసే పద్దు. చిరునామా సర్వే నంబరు వంటిది, గుర్తింపు సంఖ్య మనిషి వంటిది, గడువు సాలుసరి వంటిది. రాయకుండా గడువు దాటిపోతే పద్దు చెల్లదు.

గడువు ఎంత పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని క్షేత్రంలో దాని ప్రభావం పెద్దది. ప్రమాణంలో గడువును నిమిషాల్లో రాస్తారు. ఒక రోజు గడువు పెట్టి ఎనిమిది గంటలకొకసారి పునరుద్ధరిస్తే రోజుకు మూడు అర్జీలు అవుతాయి. పావుగంట కొలతలు రోజుకు 96 కాబట్టి ఇది బ్యాటరీకి భారం కాదు. రెండు అర్జీలు వానలో కొట్టుకుపోయినా మూడవది నిలబెడుతుంది. గడువును పది నిమిషాలకు కుదిస్తే నోడ్ బతుకంతా అర్జీలతోనే సరిపోతుంది. నెల రోజులకు పెంచితే, గుంటక తోలేటప్పుడు విరిగిన నోడ్, అడవి పందులు పెకలించిన నోడ్ కూడా రిజిస్టరులో నెల రోజులు సజీవంగా ఉంటాయి. రూటర్ జ్ఞాపకం అపారం కాదు. పరిశోధనల్లో బాగా వాడిన టెలోస్‌బీ నోడ్‌లో మొత్తం ర్యామ్ 10 కిలోబైట్లు. ఒక్కో పొరుగు పద్దుకు 40 బైట్లు అనుకుంటే నూరు పద్దులకే 4 కిలోబైట్లు పోతాయి. చచ్చిన పద్దులు చోటు ఆక్రమించుకుంటే బతికిన నోడ్‌కు చోటు దొరకదు. నా అంచనాలో మన పంటలకు పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల గడువు తగినది.

రూటర్లు ఒకటికి మించినప్పుడు

ఇంతవరకు చెప్పినదంతా సరిహద్దు రూటర్ ఒక్కటే అన్న ఊహ మీద నిలబడినది. రెండు ఉంటే రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుంది? క్షేత్రంలో మూడు విధాలైన ఏర్పాట్లు కనిపిస్తాయి.

మొదటిది, ఎవరి నెట్‌వర్కు వారిది. ప్రతి సరిహద్దు రూటర్‌కు వేరు పూర్వార్ధం, వేరు రిజిస్టరు. నకళ్ల బెడద లేదు, ఎందుకంటే ఉత్తరార్ధాలు కలిసినా పూర్వార్ధాలు కలవవు. కాని ఒక రూటర్‌కు కరెంటు పోయి నోడ్ రెండవ దాని వైపు మళ్లితే దాని చిరునామా మారిపోతుంది. సర్వర్ చిరునామాను బట్టి పట్టికలు రాస్తుంటే ఒకే చేను రెండు పేర్లతో రెండు ముక్కలవుతుంది. జూలై సమాచారం ఒక చోట, ఆగస్టు సమాచారం మరొక చోట.

రెండవది, అందరికీ ఒకే పూర్వార్ధం, కాని ఎవరి రిజిస్టరు వారిది. చూడటానికి సులువు, అసలు ప్రమాదం ఇక్కడే. ఒక నోడ్ తూర్పు రూటర్ దగ్గర, మరొకటి పడమటి రూటర్ దగ్గర ఒకే చిరునామాను నమోదు చేసుకుంటాయి. రెండు రిజిస్టర్లూ తమకు తాము సరిగానే ఉంటాయి. తప్పు రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడే కనిపిస్తుంది, వాటిని పక్కపక్కన పెట్టేవారెవరూ లేరు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన రేఖాపటం పుట్టగల మార్గాల్లో ఇది ఒకటి.

మూడవది, ఒకే పూర్వార్ధం, ఒకే రిజిస్టరు. సరిహద్దు రూటర్లన్నీ కేబులుతోనో వైఫైతోనో ఒక వెన్నెముకకు కలిసి ఉంటాయి. 2018 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8505, 2020 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8929 దీనికి మార్గం చూపాయి. నోడ్ ఏ రూటర్ దగ్గర నమోదయితే ఆ రూటర్, వెన్నెముక మీద ఆ నోడ్ తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. ఎవరైనా ఆ చిరునామా గురించి కేక వేస్తే నిద్రపోతున్న నోడ్ బదులు తానే జవాబిస్తుంది. నోడ్ మరొక రూటర్ దగ్గరకు మారితే ఏది తాజా పద్దో తేల్చడానికి ప్రతి నమోదుకు ఒక వరుస సంఖ్య జోడించారు. రెండు రూటర్లు ఒకే నోడ్ తమదంటే పెద్ద వరుస సంఖ్య గలదే నిలుస్తుంది. రెండవదానికి 'తరలిపోయింది' అన్న జవాబు అందుతుంది. చిరునామా మారదు, చేను పేరు మారదు.

పై మూడింటిలోనూ సంకేతాల సంగతిని మరవకూడదు. తూర్పు రూటర్ 'సంకేతం 3'కు ఒక పూర్వార్ధాన్ని, పడమటి రూటర్ అదే సంకేతానికి మరొక పూర్వార్ధాన్ని ప్రకటిస్తే, మధ్యనున్న రూటర్ పొట్టి గుర్తును తప్పుడు చిరునామాగా విప్పుతుంది. ప్యాకెట్టులో సరిచూపు సంఖ్య ఉంటే అది తిరస్కరణకు గురవుతుంది. ఒక విధంగా అది అదృష్టమే, రాని అంకె తప్పుడు అంకె కంటే మేలు. ఈ గందరగోళం రాకుండా ఆర్‌ఎఫ్‌సీ 6775లో ప్రతి ప్రకటన మీద అది ఏ సరిహద్దు రూటర్ చేసినదో, ఎన్నవ కూర్పో రాసే ఏర్పాటు ఉన్నది. సంకేతం అర్థాన్ని మార్చదలిస్తే కొత్త అర్థం అందరికీ చేరేవరకు కనీసం 300 సెకన్లు ఆగాలని కూడా అందులో చెప్పారు. చవక మాడ్యూళ్లలో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రకటన భాగాన్ని వదిలివేసి ఉండవచ్చు. కొనేముందు అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న ఇది.

హైదరాబాదులోని ఐఐఐటీ ప్రాంగణంలో వీధిదీపాల కోసం నెలకొల్పిన వై-సన్ నెట్‌వర్కు ఈ కుటుంబానికి చెందినదే. వై-సన్‌లో ప్రతి సరిహద్దు రూటర్ కింద ఒక ఉప నెట్‌వర్కు ఉంటుంది. చిరునామాలు పైనుంచి పంపిణీ అవుతాయి. నోడ్ ఉప నెట్‌వర్కు మారితే సాధారణంగా చిరునామా కూడా మారుతుంది. అంటే అది మన మొదటి ఏర్పాటుకు దగ్గరిది. వీధిదీపానికి దానివల్ల నష్టమేమీ లేదు, దీపం వెలిగితే చాలు. పంట పరిశోధనలో మాత్రం ఈ రోజు కొలతను నిన్నటి కొలత పక్కన పెట్టి చూడాలి కాబట్టి నష్టం ఎక్కువ.

పాతిన సెన్సార్ తరలిపోదు

ప్రమాణాలను శ్రద్ధగా పాటించినా తప్పించుకోలేని ఒక లోపం ఉన్నది. నా దృష్టిలో వ్యవసాయ పరిశోధకుడు అన్నిటికంటే ఎక్కువగా భయపడవలసినది దానికే.

రిజిస్టరు నకలును ఎలా పట్టుకుంటుందో మరొకసారి చూడండి. ఒకే చిరునామా, వేర్వేరు గుర్తింపు సంఖ్యలు ఉంటే నకలు. మరి గుర్తింపు సంఖ్యే నకలయితే? విద్యార్థి ఒక నోడ్‌కు ప్రోగ్రాము రాసి, బాగా పనిచేస్తున్నదని చూసి, అదే ఫైలును మిగిలిన ముప్పై తొమ్మిది నోడ్‌లలోకి ఎక్కిస్తాడు. ఆ ఫైలులోనే గుర్తింపు సంఖ్యను కూడా రాసి ఉంటే నలభై నోడ్‌లకూ ఒకటే గుర్తింపు. ఇది అరుదైన పొరపాటు కాదు, గడువు దగ్గరపడిన ఏ ప్రయోగశాలలోనైనా జరగగలదు. అప్పుడు రిజిస్టరుకు రెండవ నోడ్ అర్జీ, మొదటి నోడ్ పునరుద్ధరణలాగే కనిపిస్తుంది. సంతోషంగా సరేనంటుంది. పైగా గుర్తింపు సంఖ్య నుంచి తయారుచేసిన చిరునామాకు నకలు పరీక్షే అవసరం లేదని ఆర్‌ఎఫ్‌సీ 6775 అనుమతి ఇచ్చింది, ఆ సంఖ్య ప్రపంచంలో ఒక్కటే ఉంటుందన్న నమ్మకంతో. ఆ నమ్మకం కర్మాగారంలో నిజం, ప్రయోగశాలలో కాకపోవచ్చు.

వరుస సంఖ్య ఉన్న కొత్త ప్రమాణంలో ఈ దొంగ ఒక చోట దొరుకుతాడు. ఒకే గుర్తింపు గల రెండు నోడ్‌లు వేర్వేరు రూటర్ల దగ్గర నమోదవుతుంటే, రిజిస్టరుకు ఒకే నోడ్ అటూ ఇటూ పరుగెత్తుతున్నట్లు కనిపిస్తుంది. సెల్‌ఫోనుకు ఇటువంటి తరలింపు సహజం. నేలలో అడుగు లోతున పాతిన తేమ సెన్సార్ మాత్రం తరలిపోదు. పత్తి ఎదిగి కొమ్మలు కమ్ముకున్నప్పుడు, వాన పడినప్పుడు అది పక్క రూటర్‌ను ఆశ్రయించవచ్చు. అది వారానికో నెలకో ఒకసారి జరిగే మార్పు. గంటలో నాలుగుసార్లు ఘనపురం వైపు రూటర్ నుంచి రేగొండ వైపు రూటర్‌కు, అక్కడి నుంచి ఇక్కడికి మారుతున్నదంటే అవి రెండు నోడ్‌లు. కాబట్టి నెట్‌వర్కు నిపుణుడు మామూలు సంగతిగా వదిలివేసే 'తరలిపోయింది' అన్న జవాబును వ్యవసాయ శాస్త్రవేత్త ప్రమాద ఘంటికగా భావించాలి. వీటిని లెక్కబెట్టి రోజుకొకసారి చూపే చిన్న ప్రోగ్రాము రాయడం పీజీ విద్యార్థికి ఒక పూట పని. 2020లోనే వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8928లో గుర్తింపును రహస్య తాళంతో ముడిపెట్టి, తాళం లేనివాడు చిరునామాను కాజేయకుండా చేసే పద్ధతి ఉన్నది. అయితే తాళాన్ని కూడా అదే ఫైలులో పెట్టి నలభై నోడ్‌లకు ఎక్కిస్తే ఫలితం మారదు.

భూపాలపల్లికి ఒక ఏర్పాటు

క్లస్టరు లోపల మూడవ ఏర్పాటు, క్లస్టరుకూ క్లస్టరుకూ మధ్య మొదటి ఏర్పాటు మన పరిస్థితికి తగినవని నా అభిప్రాయం. రైతు వేదిక, దాని పరిధిలోని పాఠశాల లేదా పంచాయతీ కార్యాలయం వంటి రెండు మూడు భవనాలను ఒక వెన్నెముకకు కలపడం సాధ్యం. జిల్లా అంతటినీ ఒక్క వెన్నెముక మీదికి తేవాలనుకోవడం అత్యాశ. ఒక మండలంలో తీగ తెగితే మిగిలిన మండలాల రిజిస్టరు స్తంభించకూడదు.

పూర్వార్ధాల పంపకానికి బయటివారిని అడగనవసరం లేదు. 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4193 ప్రకారం ఎవరైనా సొంత వాడకానికి 40 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యతో ఒక పూర్వభాగాన్ని తయారుచేసుకోవచ్చు. ఆ తరువాత మిగిలే 16 బిట్లతో 65,536 ఉప నెట్‌వర్కులు వస్తాయి. రాష్ట్రంలోని 2601 రైతు వేదికలకు తలా ఇరవై అయిదు ఇచ్చినా ఇంకా మిగులుతాయి. ఒక్క విశ్వవిద్యాలయం ఒక్క జాబితా నిర్వహిస్తే చాలు. వరంగల్ ప్రాంతీయ పరిశోధన స్థానం ఒక సంఖ్య, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం అదే సంఖ్య తోచినట్లు వేసుకుంటే, రేపు రెండింటి సమాచారాన్ని కలిపిన రోజున పాత కథ మళ్లీ మొదటికి వస్తుంది.

చిరునామాలోనే సర్వే నంబరును, పంట పేరును ఇమిడ్చుదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. చక్కగా చదువుకోవచ్చని ఆశ. దీనిని మానుకోవడం మంచిది. మిరప అయిపోగానే సెన్సార్ పెకలించి పక్క చేనులో పాతుతాము, చిరునామా మాత్రం పాత చేనునే చెబుతూ ఉంటుంది. సర్వే నంబరు, బై నంబరు, నేల రకం, పాతిన లోతు, పాతిన తేదీ, తీసిన తేదీ వేరే పుస్తకంలో గుర్తింపు సంఖ్యకు ఎదురుగా ఉండాలి. సర్వర్ పట్టిక కూడా చిరునామా మీద కాకుండా గుర్తింపు సంఖ్య, తేదీల మీదే నడవాలి. అందుకు ప్రతి కొలతతో పాటు ఆ 8 బైట్ల సంఖ్య రావాలి. తేమ, ఉష్ణోగ్రత, బ్యాటరీ స్థితి, సమయం, వరుస సంఖ్య కలిసి 12 బైట్లు. దానికి 8 చేర్చితే 20. అతి ఇరుకైన లెక్కలో మిగిలిన 33 బైట్లలో ఇవి హాయిగా ఇముడుతాయి.

ఇంత శ్రమ ఎందుకు, లోరావాన్ వాడితే సరిపోదా అని విద్యార్థులు అడుగుతారు. సబబైన ప్రశ్నే. లోరావాన్‌లో నోడ్ ఏ ఒక్క ద్వారానికీ కట్టుబడి ఉండదు. విన్న ద్వారాలన్నీ పైకి పంపుతాయి, నకళ్లను సర్వర్ ఏరివేస్తుంది. అందులోని 32 బిట్ల చిరునామా ఇద్దరికి ఒకటే అయినా ఫరవాలేదు, ఎవరి తాళంతో సరిచూపు కుదిరితే వారిదిగా తేలుతుంది. 2005 నుంచి లైసెన్సు అవసరం లేకుండా మన దేశంలో అందుబాటులో ఉన్న 865-867 మెగాహెర్ట్జ్ పట్టీలో అది పనిచేస్తుంది. పావుగంటకొక కొలత చాలినప్పుడు, చేలు విసిరేసినట్లు దూరదూరంగా ఉన్నప్పుడు అదే మేలు. బిందు సేద్యపు వాల్వులను వెంటనే తెరిచి మూయవలసి వచ్చినప్పుడు, నోడ్‌ల సాఫ్ట్‌వేర్‌ను పొలంలోనే మార్చవలసి వచ్చినప్పుడు ఈ వ్యాసంలోని నెట్‌వర్కులు ముందుంటాయి. ఏది వాడినా ఒకే ఫైలును నలభై నోడ్‌లకు ఎక్కించిన విద్యార్థిని లోరావాన్ కూడా కాపాడదు.

పొలానికి వెళ్లకముందు ఒక పరీక్షను తప్పనిసరి చేయాలని నా సూచన. నోడ్‌లన్నిటినీ ప్రయోగశాల బల్ల మీద ఒకేసారి వెలిగించి, రిజిస్టరులోని పద్దులు లెక్కబెట్టాలి. నలభై నోడ్‌లకు నలభై పద్దులుండాలి, ముప్పై తొమ్మిది ఉంటే పొలానికి వెళ్లరాదు. తరువాత సగం నోడ్‌ల సెన్సార్లను తడి ఇసుకలో, సగం పొడి ఇసుకలో గుచ్చి, రెండు సరిహద్దు రూటర్లలో ఒకదాని కరెంటు తీసివేయాలి. వెన్నెముక తీగను పది నిమిషాలు ఊడదీసి మళ్లీ తగిలించాలి. ఇదంతా జరిగాక తడి ఇసుకలోని ఇరవై వరుసలు తడిగానే, పొడి ఇసుకలోని ఇరవై వరుసలు పొడిగానే కొనసాగుతున్నాయో లేదో చూడాలి. ఇసుక, రెండు తొట్లు, ఒక మధ్యాహ్నం. ఆ రోజు వచ్చిన పద్దుల ప్రతిని తేదీ వేసి ప్రయోగ నోటుపుస్తకంలో అతికించుకుంటే, రెండేళ్ల తరువాత సిద్ధాంత గ్రంథం రాసేటప్పుడు ఏ అంకె ఏ చేనుదన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరుకుతుంది.